కీళ్ళ నొప్పికీ ఒక చరిత్ర ఉంది

2021 ఆగస్టు 5వ తేదీన తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ ఒక కొత్త వైద్య పథకాన్ని మొదలుపెట్టినారు. మొదలుపెట్టింది చెన్నైలో కాదు, మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లి అనే పల్లెలో. పథకం పేరు మక్కళై తేడి మరుత్తువం. తెలుగులో చెప్పాలంటే జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం. బి.పి., షుగరు మాత్రలు ఇంటికే తెచ్చిస్తారనేది అందరికీ తెలిసిందే. అయితే ఆ పథకంలోనే ఇంకొక పని కూడా ఉంది. దాన్ని గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. లేవలేని, సరిగ్గా నడవలేని వాళ్ళ ఇంటికి ఫిజియోథెరపీ చేసేవాళ్ళు వస్తారు. కాళ్ళూ చేతులూ ఎలా కదిలించాలో నేర్పించి పోతారు.

ఈ చిన్న పని మన దాకా రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో రాయాలనుకున్నాను. మా సాంఘికశాస్త్రం సార్ "చరిత్ర వ్యాసం రాయండి" అన్నప్పుడు చాలామంది కోటల గురించి రాస్తామన్నారు. మన చుట్టుపక్కల కోటలకేమీ తక్కువ లేదు. రాయకోట ఉంది, కృష్ణగిరి కొండమీది కోట ఉంది. నేను మోకాళ్ళ నొప్పి గురించి రాస్తానంటే క్లాసంతా నవ్విరి. సార్ మాత్రం నవ్వలేదు. ఆయనకీ మోకాళ్ళ నొప్పి ఉంది.

రోగాల చరిత్ర అంటే మన పుస్తకాల్లో మశూచి, ప్లేగు, కలరా. మశూచికి మారెమ్మ గుడి ఉంది. బెంగుళూరు పక్క ప్లేగుకు కూడా అమ్మవారి గుళ్ళు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పికి గుడి కట్టినవాళ్ళు లేరు. ఎందుకంటే ఆ నొప్పితో మనిషి చచ్చిపోడు. చావును సర్కారు లెక్క రాస్తుంది, చావు ఎక్కువైతే పేపర్లో వస్తుంది. పొద్దున లేచి మంచం పట్టె పట్టుకొని నిలబడడానికి పది నిమిషాలు పట్టే మనిషిని ఎవరు లెక్క రాస్తారు? "వయసైంది, అంతే" అంటారు. ఈ మాటే కీళ్ళ నొప్పికి పెద్ద శత్రువని నాకు అనిపిస్తుంది.

నిజానికి కీళ్ళ జబ్బు ఒకటి కాదు. అందులో చాలా రకాలు ఉన్నాయి. మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించేది కీలు అరిగే జబ్బు. ఎముకల కొనల మీద నున్నగా ఉండే మెత్తటి పొర పాడయి, కీలు బిగుసుకొని నొప్పి పుడుతుంది. డాక్టర్లు దీన్ని ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 52 కోట్ల 80 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. నూటికి అరవై మంది ఆడవాళ్ళే. అన్ని కీళ్ళలోకీ మోకాలికే ఎక్కువ. రెండోది రుమటాయిడ్ ఆర్థరైటిస్, మనవాళ్ళు కీళ్ళవాతం అనేది ఎక్కువగా దీన్నే. ఇది అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటున కీళ్ళ మీద పడుతుంది. రెండు చేతుల వేళ్ళూ ఒకేసారి వాచి, పొద్దున చాలాసేపు పిడికిలి ముడవరాదు. ఇది వయసులో ఉన్నవాళ్ళకీ వస్తుంది. 2019లో దాదాపు కోటీ 80 లక్షల మందికి ఉంది, వాళ్ళలో నూటికి డెబ్బై మంది ఆడవాళ్ళు.

ఆడవాళ్ళకే ఎందుకు ఎక్కువ అంటే డాక్టర్లు ఒంట్లోని మార్పులు మొదలుకొని చాలా కారణాలు చెప్తారు. పుస్తకంలోని కారణాలు అవి. కెలమంగలం చుట్టుపక్కల చేలల్లోకి పోతే ఇంకొకటి కూడా కళ్ళకు కనిపిస్తుంది. రాగి చేలో కలుపు తీసేది ఎవరు? టమాటా, బీన్సు కోసేది ఎవరు? గులాబి తోటల్లో తెల్లవారకముందే వంగి పూలు కోసేది ఎవరు? చింతకాయల కాలంలో గొంతుక్కూర్చొని పొద్దుగూకేదాకా చింతపండు కొట్టేది ఎవరు? మా అవ్వ నలభై ఏళ్ళు ఇవే పనులు చేసింది. పైగా కొళాయి రాకముందు బోరింగు దగ్గర్నుంచి రెండు బిందెలు, ఒకటి నెత్తిన, ఒకటి నడుమున. ఇప్పుడు ఆమె నేల మీద కూర్చోలేదు. పెండ్లిళ్ళకు పోతే పంక్తిలో కూర్చోలేక "నాకు ఆకలి లేదులే" అంటుంది. ఆకలి లేక కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

మందులు లేవా అంటే ఉన్నాయి, ఊరినిండా ఉన్నాయి. వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసుకుంటారు. జిల్లేడాకుకు ఆముదం రాసి, వెచ్చజేసి మోకాలికి కడతారు. నల్లేరు పచ్చడి చేస్తారు. తమిళులు ముడక్కత్తాన్ అనే ఆకును దోసెపిండిలో రుబ్బి వేస్తారు. బిగుసుకున్నదాన్ని పోగొట్టేది అని ఆ పేరుకు అర్థం చెప్తారు. పేరులోనే వైద్యం ఉండే ఆకు అది. ఎముక విరిగితే మనవాళ్ళు చిత్తూరు పక్క పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకొని వస్తారు. ఈ వెచ్చదనం వల్ల కొంత హాయి కలిగేది నిజమే, దాన్ని తీసిపారెయ్యలేము. భయపడాల్సింది వేరేవాటికి. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే నొప్పి మాత్రలు ఉన్నాయి. వాటిని నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. సంతలో అమ్మే పేరు లేని పొడులు ఇంకా ప్రమాదం. అలాంటి కొన్నింట్లో స్టెరాయిడ్ కలుపుతారు. మూడో రోజుకే నొప్పి మాయమైతే ఆ పొడి గొప్పదని కాదు, అనుమానించాలని.

ఇప్పుడు చరిత్రకు వస్తాను. ముందుగా చెప్పాల్సింది ఎద్దుల గురించి.

1930ల మొదట్లో నెల్లూరు జిల్లాలోని కొన్ని పల్లెల్లో రైతులు ఒక వింతను చూసినారు. బాగా మేసే ఎద్దులు కూడా నడవలేకపోతున్నాయి. కీళ్ళు బిగుసుకొని, అడుగు తీసి అడుగు వెయ్యలేక నిలబడిపోతున్నాయి. కొత్త ఎద్దుల్ని తెచ్చినా కొన్నేళ్ళకు అంతే. తరువాత చూస్తే మనుషులకూ అదే. నడుము వంగిపోయి, మెడ తిరగక, మోకాళ్ళు ముడవలేక ఉన్నారు. 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయనతో పనిచేసినవాళ్ళూ దాన్ని పరిశోధించి ప్రకటించినారు. దోషం నీళ్ళలో ఉంది. నీళ్ళలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువగా ఉంది. దర్శి, పొదిలి ప్రాంతాలవి, తరువాత ప్రకాశం జిల్లాలోకి పోయినాయి. అప్పుడు మేము సేలం జిల్లా, వాళ్ళు నెల్లూరు జిల్లా, రెండూ మద్రాసు ప్రెసిడెన్సీయే. అంటే ఒకే సర్కారు కింద ఉన్నాము.

ఫ్లోరోసిస్ అనేది కీళ్ళవాతం కాదు. కానీ నొప్పి మాత్రం అచ్చం అలాగే ఉంటుంది, అందుకే చాలా ఊళ్ళలో దాన్ని వాతమనే అనుకున్నారు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నీళ్ళు కాచితే పోదు. కాచేకొద్దీ నీళ్ళు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. చిన్నప్పుడు పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలుగా కనిపిస్తుంది. పెద్దయ్యాక ఎముకల్లో పేరుకొని, కీళ్ళ చుట్టూ ఉండే నరాల్లాంటి కట్లు రాయిలాగా గట్టిపడతాయి. ఒకసారి వంగిన నడుము మళ్ళీ నిలబడదు. ఆ స్థితికి వచ్చినాక మందు లేదు. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. గట్టి రాతినేలలో, లోతైన బోరుల్లో ఇది ఎక్కువ. మన ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల నేల ఎలాంటిదో గ్రానైటు క్వారీలు చూసినవాళ్ళకు చెప్పక్కరలేదు.

తెలుగు నేలలో ఫ్లోరైడ్ అంటే అందరికీ గుర్తుకొచ్చేది నల్గొండ. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్ళను తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు తయారుచేసినారు. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు. ఒక జిల్లా పేరు ప్రపంచంలోని పుస్తకాల్లోకి ఎక్కింది, కానీ ఆ జిల్లా జనానికి మంచినీళ్ళు రాలేదు. అందుకే 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీ చేసినారు. గెలవడానికి కాదు, ఢిల్లీకి తమ నీళ్ళ గోడు వినిపించడానికి. జల సాధన సమితి అనే సంఘం ఆ పోరాటం నడిపింది. ఓటు కాగితం పుస్తకమంత అయింది. అదే ఏడు మన తమిళనాడులో మొడక్కురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడినారు. అది రైతుల నిరసన. నాకు ఈ రెండూ ఒకే ఏడు జరగడం ఆశ్చర్యంగా ఉంది. మర్రిగూడ పక్క శివన్నగూడెంకు చెందిన అంశల స్వామి అనే ఆయన ఫ్లోరోసిస్ వల్ల ఒళ్ళంతా వంకరపోయిన మనిషి. 2003లో ఆయన్ని ఢిల్లీ తీసుకుపోయి ప్రధానమంత్రి వాజ్‌పేయి ముందర బల్ల మీద పడుకోబెట్టినారు. మాటలకన్నా ఆ ఒళ్ళే ఎక్కువ చెప్పింది. ఆయన 2023 జనవరిలో చనిపోయినారు.

కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ కోసం ఒక జాతీయ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది 2008-09లో. మొదటి విడతలో తీసుకున్న జిల్లాల్లో నెల్లూరు ఒకటి. 1937 నుంచి 2008 దాకా ఎన్నేళ్ళో లెక్కపెట్టండి. డెబ్బై ఒక్క ఏండ్లు.

మన పక్క కథ హొగెనకల్ నీళ్ళది. మన రెండు జిల్లాలకు కావేరి నీళ్ళు తేవాలనే ఆలోచన పాతదే. 1998లో కర్ణాటకతో ఒప్పందం కూడా కుదిరింది. అయినా పని కదలలేదు. 2008 ఫిబ్రవరిలో పునాదిరాయి పడింది. వెంటనే కర్ణాటకలో గొడవలు మొదలైనాయి. సరిహద్దులో ఉండే మాలాంటి ఊళ్ళకు ఈ గొడవ రెండు వైపులా తగుల్తుంది. మనలో ఎంతమందికి బెంగుళూరులో పని, మాలూరులో చుట్టాలు! జపాన్ నుంచి అప్పు తెచ్చి పని నడిపించినారు. 2013 మేలో ముఖ్యమంత్రి జయలలిత ప్రారంభించినారు. మొత్తం ఖర్చు దాదాపు 1,928 కోట్లు. అప్పటి హొసూరు, కృష్ణగిరి, ధర్మపురి మున్సిపాలిటీలు మూడు, టౌన్ పంచాయతీలు 17, పల్లెలు ఆరు వేల ఏడువందలకు పైన. ఆ టౌన్ పంచాయతీల్లో మా కెలమంగలం ఒకటి.

చాలామంది దీన్ని మంచినీళ్ళ పథకం అంటారు. కానీ దాని పూర్తి పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అని ఉంది. నన్నడిగితే మన జిల్లాలో కీళ్ళ కోసం చేసిన అతిపెద్ద వైద్యం ఈ పైపులైనే. డాక్టరు లేని వైద్యం. ఇప్పుడు పుట్టే పిల్లల పళ్ళ మీద, రేపు వాళ్ళ ఎముకల మీద దీని ఫలితం కనిపిస్తుంది. పాత బోరు నీళ్ళు తాగి వంగినవాళ్ళకు మాత్రం ఇది ఆలస్యంగా వచ్చింది. ఒప్పందానికీ కొళాయికీ మధ్య పదిహేనేండ్లు గడిచిపోయినాయి. ఎముక అంత ఓపిక పట్టదు.

నీళ్ళ తరువాత దోమ. 2006లో చికున్‌గున్యా జ్వరం వచ్చినప్పుడు నేను ఇంకా పుట్టలేదు. పెద్దవాళ్ళు ఇప్పటికీ దాని పేరెత్తితే మోకాలు పట్టుకుంటారు. ఈ జ్వరాన్ని మొదట 1952లో ఆఫ్రికాలోని టాంగన్యికాలో గుర్తించినారు. ఇప్పుడది టాంజానియాలో ఉంది. మకొండె అనే అక్కడి భాషలో చికున్‌గున్యా అంటే వంచేసేది అని అర్థం. మన దేశంలో 1963లో కలకత్తాలో, 1964లో మద్రాసులో వచ్చి, తరువాత మాయమైంది. నలభై ఏండ్లకు 2005 చివర్లో ఆంధ్రలో మళ్ళీ తలెత్తి, 2006లో కర్ణాటక, తమిళనాడు అంతా పాకింది. దేశంలో పదమూడు లక్షల మందికి పైగా వచ్చిందని లెక్క. జ్వరం నాలుగైదు రోజుల్లో పోతుంది, కీళ్ళ నొప్పి నెలల తరబడి, కొందరికి ఏండ్ల తరబడి పోదు. దానికి అప్పుడు చేసిన పని తొట్లలో నీళ్ళు పారబోయించడం, పొగ కొట్టడం. అంటే కీళ్ళను కాపాడేవాళ్ళలో పంచాయతీలో మురుగుకాలవలు తీసేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ సంగతి ఏ వైద్యం పుస్తకంలోనూ మొదటి పేజీలో ఉండదు.

మందుల చరిత్రలో మన తెలుగాయన ఒకరు ఉన్నారు. ఆయన్ని చెప్పకుండా పోతే ఈ వ్యాసానికి అన్యాయం. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టినారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా పోయి, 1940 నుంచి లెడర్లే కంపెనీ పరిశోధనశాలలో పనిచేసినారు. ఆయన నడిపిన ఆ పరిశోధన బృందం ఫోలిక్ ఆమ్లం మీద పనిచేస్తూ దాన్ని అడ్డుకొనే మందులు తయారుచేసింది. వాటిని మొదట పిల్లల రక్తం క్యాన్సరుకు వాడినారు. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్ అనే మందే ఇప్పుడు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ప్రపంచమంతా ముందుగా ఇచ్చే మందు. అమెరికాలో ఈ జబ్బుకు దాన్ని 1988లో అనుమతించినారు. సుబ్బారావుగారు అప్పటికి చనిపోయి నలభై ఏండ్లు. తన మందు ముడుచుకున్న వేళ్ళను తెరుస్తుందని ఆయనకు తెలియదు. ఒక జాగ్రత్త మాత్రం ఇక్కడే రాయాలి. ఈ మందు కీళ్ళకు వారానికి ఒక్కసారే వేసుకోవాలి, డాక్టరు రాసిస్తేనే, రక్తపరీక్షలు చేయించుకుంటూ. రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇన్ని ఉన్నా, పల్లెల్లో ఎంతమందికి ఈ నొప్పి ఉందో ఎవరైనా ఇల్లిల్లూ తిరిగి అడిగినారా? అడిగినారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, వాత రోగాల డాక్టర్ల అంతర్జాతీయ సంఘం కలిసి 1981లో కాప్‌కార్డ్ అనే కార్యక్రమం మొదలుపెట్టినాయి. దాని కింద 1996లో పూనా పక్క భిగ్వన్ అనే పల్లెలో డాక్టర్ అరవింద్ చోప్రా బృందం ఇల్లిల్లూ తిరిగింది. నాలుగు వేల మందికి పైగా పెద్దవాళ్ళను అడిగితే నూటికి పద్దెనిమిది మంది దాకా కీళ్ళ, కండరాల, ఎముకల నొప్పులు చెప్పుకున్నారు. బాగా తెలిసిన షుగరు, బి.పి.లకు దీటైన లెక్క ఇది. నాకు నచ్చింది ఆ అంకె కాదు. లెక్క రాసుకొని వాళ్ళు పోలేదు. ఆ పల్లెకు మళ్ళీ మళ్ళీ వచ్చి వైద్యం చేసినారు. తరువాత 2000 నుంచి 2010 వరకు ఎముకల కీళ్ళ దశాబ్దం అని ప్రపంచమంతా జరిపినారు, జెనీవాలో మొదలైంది. అక్టోబరు 12న ప్రపంచ కీళ్ళవ్యాధి దినం కూడా ఉంది. మన బడిలో అన్ని దినాలూ జరుపుతాము, ఇది తప్ప.

కానీ 2010లో మన దేశంలో అంటుకోని రోగాల కోసం పెద్ద జాతీయ కార్యక్రమం పెట్టినప్పుడు దాని పేరులో క్యాన్సరు, షుగరు, గుండెజబ్బు, పక్షవాతం ఉన్నాయి. కీళ్ళ జబ్బు లేదు. అదే కాలంలో ముసలివాళ్ళ కోసం పెట్టిన ఇంకొక కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ ఉండాలని రాసినారు. మంచిదే. అయితే మోకాలు ముడవలేని మనిషి జిల్లా ఆసుపత్రికి ఎలా పోవాలి? బస్సు మెట్టు ఎంత ఎత్తుంటుందో ఒకసారి ముసలివాళ్ళతో కలిసి ఎక్కి చూడండి. కండక్టరు విజిల్ వేసేలోపల ఒక కాలు పైన, ఒక కాలు కింద.

అందుకే సామనపల్లి రోజు నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. అక్కడ తిరగబడింది ఒక్కటే, నడక. రోగి ఆసుపత్రికి నడవడం కాకుండా ఆసుపత్రి రోగి ఇంటికి నడిచింది. మొదట రాష్ట్రంలో 50 వట్టారాల్లో మొదలుపెట్టి తరువాత అంతటికీ పెంచినారు. ఊళ్ళోని ఆడవాళ్ళనే ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకొని బి.పి. చూడడం, మాత్రలు ఇవ్వడం నేర్పించినారు. మంచంలో ఉన్నవాళ్ళకు సేవచేసే నర్సు ఒకరు, ఫిజియోథెరపిస్టు ఒకరు. 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సంస్థల బృందం ఈ పథకానికి అవార్డు ఇచ్చింది.

మెచ్చుకోవాల్సింది మెచ్చుకున్నాక లోటు కూడా చెప్పాలి. ఒక వట్టారానికి ఒక ఫిజియోథెరపిస్టు అంటే ఎంత పని! కెలమంగలం వట్టారమే తీసుకోండి. కొండల మీద, అడవి అంచున ఉండే పల్లెలు ఎన్నో. ఒక మనిషి, ఒక బండి, అన్ని గడపలు. పక్షవాతం వచ్చినవాళ్ళు, మంచం పట్టినవాళ్ళు ముందు వరుసలో ఉంటారు, అది న్యాయమే. మోకాళ్ళ నొప్పితోనే వంట చేసుకుంటూ, పాలు పితుక్కుంటూ తిరిగేవాళ్ళు వరుస చివర్లో పడతారు. వాళ్ళు మంచం పట్టినాకే వరుస ముందుకు వస్తారా అని నాకు సందేహం.

ఇంకొక సంగతి ఉంది, అది మన బడి పిల్లలే ఎక్కువగా గమనించగలరు. వ్యాయామాల కాగితం తమిళంలో ఉంటుంది. సర్కారు భాష తమిళం కాబట్టి అందులో తప్పేమీ లేదు. మన ముసలివాళ్ళు సంతలో తమిళం, కన్నడం మాట్లాడతారు, ఇంట్లో తెలుగు. చదువు వచ్చినవాళ్ళకు వచ్చింది తెలుగు చదువే, చాలామందికి అదీ లేదు. మాత్ర అయితే భాష అక్కరలేదు, మింగితే చాలు. వ్యాయామం అలా కాదు. ఎంతసేపు పట్టి ఉంచాలి, ఎన్నిసార్లు చెయ్యాలి, ఎక్కడ ఆపాలి అనేది మాటతోనే తెలియాలి. మోకాలి మీద బరువు పడేటప్పుడు దాన్ని మోసేది తొడ ముందర ఉండే పెద్ద కండ. నొప్పి ఉందని కాలు కదిలించకుండా కూర్చుంటే ఆ కండ సన్నబడుతుంది, సన్నబడితే బరువంతా కీలు మీదే పడి నొప్పి పెరుగుతుంది. "నొప్పిగా ఉంటే కదలొద్దు" అని మనం ప్రేమగా చెప్పే మాట ఇక్కడ పనికిరాదు. ఈ ఒక్క సంగతి అవ్వకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. చివరికి "వాడని పగ్గం చివికిపోతుంది కదా అవ్వా" అంటే సరే అనింది.

ఫిజియోథెరపీ అక్క మా వీధికి వచ్చినప్పుడు చూపించినవాటిని నేను తెలుగులో, పెద్ద అక్షరాలతో, పాత క్యాలెండరు వెనక రాసి గోడకు తగిలించినాను. పక్కింటి పెద్దమ్మ, ఎదురింటి తాత కూడా వాటిని రాసిమ్మన్నారు. ఇప్పటికి ఆరు రాసిచ్చినాను. కావలసినవాళ్ళు ఇక్కడినుంచి రాసుకోవచ్చు:

కుర్చీలో నిటారుగా కూర్చో. ఒక కాలు మెల్లగా ముందుకు చాపు. అయిదు లెక్కపెట్టేదాకా అలాగే పట్టు. మెల్లగా దించు. పది సార్లు. తరువాత ఇంకో కాలు.

మంచం మీద కాళ్ళు చాపుకొని, మోకాలి కింద చుట్టిన తువ్వాల పెట్టు. మోకాలితో తువ్వాలను కిందికి అణుచు. అయిదు లెక్కపెట్టు. వదులు. పది సార్లు.

గొంతుక్కూర్చోవద్దు. కూరలు కొయ్యాలంటే పీట వద్దు, బల్ల మీద పెట్టుకో.

పొద్దున, సాయంత్రం. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే భయం లేదు. మరుసటి రోజుకు నొప్పి పెరిగితే తగ్గించి చెయ్యి. కీలు ఎర్రబడి, వాచి, వేడిగా ఉంటే ఇవేమీ చెయ్యకు, ఆసుపత్రికి పో.

లెక్క గట్టిగా పెట్టు అవ్వా, నాకు వంటింట్లోకి వినపడాల.